యానాం అన్నయ్యగారి సీసాలు

మా ఆయన్ని అరకు ఆసుపత్రికి బదిలీ చేశారని తెలిసి మా పుట్టింట్లో అందరూ ఏడ్చారు. కొండెక్కిన ఉద్యోగస్తులు ఎలా దిగివస్తారో విజయనగరంలో తెలియనివాళ్లు లేరు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, చేతులు వణుకుతూ వస్తారు. కొందరు రానే రారు. మా ఆయన డాక్టరు గనక మాకేమీ కాదని నేను మాత్రం ధైర్యంగానే బండెక్కాను. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తలో సంగతి ఇది.

ఆసుపత్రి అంటే ఒక పెంకుటిల్లు, నాలుగు మంచాలు, చలిజ్వరానికిచ్చే కొయినా మందు పెట్టె ఒకటి. ఆ మందు వానాకాలం మధ్యలోనే అయిపోయేది. కింద నుంచి మళ్లీ వచ్చేదాకా, చలిజ్వరంతో మోసుకొచ్చిన మనుషుల నుదుటి మీద చెయ్యి వేసి చూడటం తప్ప మా ఆయన చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. మా గుంట, మా తొలిచూలు పిల్ల, అక్కడే పుట్టింది. పాకే వయసు రాగానే అక్కడే పోయింది. దాన్ని ఆసుపత్రి వెనక కప్పెట్టి వచ్చిన రోజు నుంచి ఆయనా నేనూ మాటలు తగ్గించేశాం. పోట్లాట ఏమీ లేదు. మాట్లాడుకోవడానికి ఏమీ తోచేది కాదు, అంతే.

ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి భోజనం చేసేవాళ్లు ఇద్దరే. ఒకరు ఫ్రాన్సు దేశపు పాదిరీగారు. అక్కడి కొండప్రాంతంలో పుట్టి, పడుచువయసులో ఓడెక్కి వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. పాత వ్యాకరణ పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నారేమో, "నేను భుజించితిని అమ్మా" అనేవారు. రెండో ఆయన యానాం మనిషి. అనంతగిరి దారిలో కొండవాలు మీద కాఫీతోట వేశారు. భార్య పోయింది, పిల్లలు లేరు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని.

యానాం ఫ్రెంచివాళ్ల ఊరు కదా. అన్నయ్యగారు చిన్నప్పటి నుంచీ అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుడి కొట్లో దుబాసీగా ఉన్నారు. ఆ దొర ఏటేటా తన దేశం నుంచి వైను సీసాలు పెట్టెల్లో తెప్పించుకునేవాడు. ఒక్కో సీసా మీద ద్రాక్ష ఏ ఏటి పంటో అచ్చువేసి ఉంటుంది. భోజనం దగ్గర దుబాసీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చీటీ కనబడకుండా గుడ్డ చుట్టి, ఇది ఏ ఏటిదో చెప్పమని అడిగేవాడట. మొదట్లో సరదాకి, తర్వాత వంతులు వేసుకుని. పోనుపోను దొర తప్పు చెప్పినా దుబాసీ తప్పు చెప్పడం మానేశాడు.

"ఆ దొర నాకు ఇచ్చిన ఆస్తి ఈ నాలుకే చెల్లెమ్మా" అనేవారు అన్నయ్యగారు.

యుద్ధంలో దొర కొడుకు పోయాడు. దొరకి వ్యాపారం మీద మనసు విరిగింది. కొట్టు మూసి ఓడ ఎక్కేముందు, మిగిలిన సీసాలన్నీ దుబాసీకి ఇచ్చేశాడు. యానాం ఎండల్లో అవి నిలవవని అన్నయ్యగారికి బెంగ. ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో కొండమీద తోట తీసుకుని, సీసాలకి ఎండుగడ్డి చుట్టి బండ్ల మీద ఘాటీ ఎక్కించారు. ఇంటి వెనక వాలులో గుహలాంటి గది తవ్వించి అందులో పడుకోబెట్టారు. లోపల అడుగుపెడితే వేసవిలో కూడా ఒళ్లు జలదరించేది.

"కాఫీ మొదటి పంట చేతికొచ్చిన రోజు అందరం కూర్చుని తాగుదాం" అనేవారు.

మొక్కలు ఎదిగాయి. తెల్లటి పూలు కూడా పూశాయి. ఒకరోజు మేం వెళ్లేసరికి అన్నయ్యగారు మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఒక ఆకు తిప్పి చూస్తున్నారు. ఆకు అడుగున నారింజరంగు పొడి. వేలితో తుడిస్తే వేలికి అంటుకుంది. వానలు వెలిసేసరికి తోటంతా మోడు. మళ్లీ చిగిర్చిన ఆకులకీ అదే తెగులు, అదే పొడి. ఆ ఏడే ఆయనకి జ్వరాలు పట్టుకున్నాయి. మా ఆయన కొయినా ఇస్తే తగ్గేది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. మనిషి సగమైపోయారు.

మాఘమాసంలో ఒక సంతరోజు మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

"పంట కోసం కాచుకోవడం మానేశాను. బుధవారం మధ్యాహ్నం మీరిద్దరూ రండి. పాదిరీగారికి కూడా కబురు పంపాను. చెల్లెమ్మా, నువ్వు కాస్త ముందుగా వచ్చి కూరలు చూడాలి. మా ముసలమ్మ అన్నిట్లోనూ మిరపకాయలు పోస్తుంది."

ముసలమ్మ అంటే ఆయన ఇంట్లో వండిపెట్టే కొండ మనిషి. నేను పొద్దున్నే వెళ్లి ఆమెతో కలిసి నాటుకోడి కూర, లేత పనసకాయ కూర, సామల అన్నం వండాను. పాదిరీగారు తన చేత్తో కాల్చిన రొట్టె పట్టుకొచ్చారు. వెలుతురు బాగుండాలని వసారాలో బల్ల వేశారు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, యానాం నుంచి తెచ్చిన పల్చటి గ్లాసులు పెట్టారు అన్నయ్యగారు. ఇస్త్రీ కోటు తొడుక్కున్నారు. అది ఆయన భుజాల మీద కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది.

నాకూ గ్లాసు పెట్టారు. వద్దన్నాను. పురిట్లో మా ఆయన చెంచాతో పోసిన పోర్టు వైను తప్ప నాకు ఆ వాసన తెలియదు.

"అది మందు తల్లీ. ఇది భోజనం" అన్నారు అన్నయ్యగారు. మా ఆయన వైపు చూశాను. ఆయన తలూపారు. ఆ కొండ మీద మమ్మల్ని చూసేవాళ్లు ఎవరున్నారు గనక.

చిన్నవయసు సీసాతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలిట, అది పద్ధతి. అన్నయ్యగారు దొరల లెక్కలో సంవత్సరం చదివేవారు. నేను వేళ్ల మీద లెక్కేసి తెలుగు పేరు చెప్పేదాన్ని. మొదటిది యుద్ధం మొదలైన ఏటిది.

"ఆనంద" అన్నాను.

"మంచి పేరే!" అని నవ్వారు. "మగవాళ్లంతా తుపాకులు పట్టుకుపోతే ఆడవాళ్లూ ముసలివాళ్లూ కోసిన పళ్లమ్మా ఇవి. యుద్ధం అయ్యాక వచ్చిన ఆఖరి పెట్టె. దీని తర్వాతి ఏళ్లవి నా దగ్గర లేవు."

మా గుంట పుట్టిన ఏడు అందులో ఉండదని అప్పుడు నాకు తట్టింది. ఎందుకు తట్టిందో తెలియదు.

బిరడా తీసే మరతో లాగుతుంటే బిరడా సగంలో పొడిపొడి అయిపోయింది. ఆయన గుడ్డలోంచి వడగట్టి గ్లాసుల్లో పోశారు. వెలుతురుకి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక గుక్క నోట్లో తిప్పి మింగారు. మేం ముగ్గురం ఆయన మొహమే చూస్తున్నాం.

"బతికే ఉంది" అన్నారు. "ఇంకా కుర్రతనం పోలేదు. పట్టుగా ఉంది."

నేను తాగాను. నాలుక మీద నిప్పు పెట్టినట్టు పులుపు. వైను అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని మింగేశాను. మా ఆయన కూడా మింగారు. పాదిరీగారు గ్లాసు దించి రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నారు.

తర్వాతది విరోధికృత్తు. అది పులుపు కాదు. తుప్పుపట్టిన రేకుడబ్బాలో నీళ్లలా ఉంది. అన్నయ్యగారు కళ్లు మూసుకుని, "ఎండలు బాగా కాసిన ఏడు. ఆ వేడి తెలుస్తోందా పాదిరీగారూ?" అన్నారు.

"తెలియుచున్నది" అన్నారు పాదిరీగారు, బల్ల కేసి చూస్తూ.

మూడోది వంచుతుంటేనే తడిసిన గోనెసంచి వాసన బల్లంతా కమ్ముకుంది. అన్నయ్యగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నారు.

"దీని వాసన కోసమే మా దొర దీన్ని ఎవరికీ పోసేవాడు కాదు" అన్నారు.

నేను కూర తెచ్చే వంకతో లేచి వంటింట్లోకి వెళ్లాను. ముసలమ్మ కూర గిన్నె మూత తీసి, నేను పట్టుకొచ్చిన గ్లాసులో అడుగున మిగిలినది వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఏటమ్మా ఇది? పులిసిపోనాది. పారబొయ్యక తాగుతన్నారేటి బాబులు?"

"నువ్వు ఊరుకో" అన్నాను.

అన్నయ్యగారు ఇంకో సీసా కోసం గుహలోకి వెళ్లినట్టున్నారు, నా వెనకే పాదిరీగారు, ఆయన వెనక మా ఆయన వచ్చారు. పాదిరీగారు గుమ్మం పట్టుకుని మెల్లిగా అన్నారు. "అమ్మా, అవి మూడును చచ్చినవి. యానాములోనే చచ్చినవో, బండి మీద చచ్చినవో దేవునికెరుక. మన మిత్రునకు తెలియలేదు. అంతటి వానికి తెలియలేదు."

"నాలుక పోయింది" అన్నారు మా ఆయన. "ఇన్నాళ్ల జ్వరాలు, ఇంత కొయినా. కిందటి నెల మనింట్లో పులుసు తాగుతూ ఉప్పు మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. అప్పుడే అనుమానం వచ్చింది. ముక్కు కూడా పోయి ఉంటుంది."

"మనం ఏం చెయ్యాలి?" అన్నాను.

కోడికూర గిన్నె తీసుకుని వెళ్లి వడ్డించాను. తిరిగి కూర్చున్నాక మేం ముగ్గురం అనుకోకుండానే ఒక్కటయ్యాం. నాలుగో సీసా, క్రోధి ఏటిది, మళ్లీ పులుపే. పాదిరీగారు "దివ్యముగా ఉన్నది" అన్నారు. మా ఆయన, ఎప్పుడూ అబద్ధం ఆడనివారు, "దీని కన్నా ముందుదే నాకు నచ్చింది" అని తేడా కూడా చెప్పారు. నేను ఇంకొంచెం పొయ్యమని గ్లాసు జరిపాను. అన్నయ్యగారి మొహం వెలిగింది. అంత సంతోషంగా ఆయన్ని తోట పోయాక చూడలేదు. దొర కబుర్లు, యానాం కబుర్లు, గోదావరి నీళ్ల మీద ఓడ దీపాల కబుర్లు చెప్పారు. మాకు కడుపులో మంట. అయినా ఆ కాసేపు బాగానే ఉందనిపించింది.

అయిదో సీసా మీద మట్టి తుడిచి చదివారు. నేను లెక్కేసుకున్నాను. "వికారి."

"నేను ఓడ ఎక్కిన సంవత్సరము" అన్నారు పాదిరీగారు.

ఈసారి బిరడా విరగలేదు. చిన్న చప్పుడుతో నిండుగా వచ్చింది. కూజాలోకి వంచుతుంటే రంగు నల్లగా లేదు, మురికిగా లేదు. ఇటుకరంగు మీద సాయంత్రపు ఎండ పడినట్టుంది. ముగ్గురం అలవాటుగా గ్లాసు ఎత్తాం, పొగడటానికి సిద్ధపడే.

నోట్లో పెట్టుకున్నాం.

ఇలాంటిది ఒకటి లోకంలో ఉందని నాకు అంతవరకూ తెలియదు. మా ఆయన గ్లాసు దించి అందులోకి చూస్తూ ఉండిపోయారు. పాదిరీగారు లేచి వసారా చివరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి.

అన్నయ్యగారు మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశారు. తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. మళ్లీ ఇంకోటి. మెల్లిగా బల్ల మీద పెట్టారు.

"ఇదా?" అన్నారు. "ఇది బాగుందా?"

నేను తలూపాను.

"అయితే ఇంతకుముందువి?"

మా ఆయన ఆ నాలుగు సీసాలూ బల్ల చివరికి జరిపారు. అదే జవాబైంది.

"అన్నీ పోయాయన్నమాట" అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో. "నాకు ఏమీ తెలియడం లేదు. దసరా నుంచీ తెలియడం లేదు. నీళ్లు తాగినట్టుంది. చీటీ మీద ఏడు చూసి, అప్పట్లో దొర ఏమన్నాడో గుర్తుతెచ్చుకుని చెప్తున్నాను. మీకు నచ్చుతోంది కదా, నాకు తెలియకపోతే ఏం అనుకున్నాను." మా ఆయన వైపు తిరిగారు. "కొయినా మానేస్తే రుచి తిరిగొస్తుందా డాక్టరుగారూ?"

"రావచ్చు" అన్నారు మా ఆయన. "జ్వరం మాత్రం ఆగదు."

"ఊఁ."

అన్నయ్యగారు నా వైపు చూశారు. "చెల్లెమ్మా, నువ్వు చెప్పు. ఎలా ఉంది? నీ వంటింటి మాటల్లోనే చెప్పు. నేను పట్టుకుంటాను."

నేను మరో గుక్క తాగి, ఒళ్లంతా నాలుక చేసుకుని వెతికాను. "ముందు ఎండు రేగుపళ్ల వాసన వస్తోంది అన్నయ్యగారూ. పులుపు ఉంది, కానీ పళ్లు జివ్వుమనవు. తర్వాత... మా అమ్మ పట్టుచీరలు దాచుకునే గంధప్పెట్టె ఉండేది. దాని మూత తెరిచినట్టుంది. మింగేశాక, తొలకరి పడ్డప్పుడు మా పెరట్లో..."

ఆయన కళ్లు మూసుకుని, చెవి నా వైపు ఒగ్గి, నోట్లో వైను అలాగే ఉంచుకుని వింటున్నారు. నుదుటి మీద చెమట. నేను తోచినవన్నీ చెప్పాను. కాలిన బెల్లం అన్నాను, పొగాకు కొట్టు అన్నాను, వాడిన గులాబీలు అన్నాను. ఆఖరికి ఆయన మింగేసి కళ్లు తెరిచారు.

"లాభం లేదమ్మా. నువ్వు చెప్తున్నవన్నీ నీ పుట్టింటి సంగతులు. ఆ పెట్టె నాకు తెలియదు, ఆ పెరడు నాకు తెలియదు. మా దొర ముందు తాగినప్పుడు ఇది ఎలా ఉండేదో నాకు మాటల్లో ఎప్పుడూ తెలియదు. నాలుకకే తెలుసు. దానితోనే పోయింది."

పాదిరీగారు వచ్చి కూర్చున్నారు. కళ్లు తుడుచుకోలేదు కూడా. ఆయన అప్పుడు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "మా తండ్రికి కొండమీద ద్రాక్షతోట ఉండెను. వేళ్లు తిను పురుగు వచ్చి మూడేండ్లలో అంతయు తినివేసెను. మా తండ్రి ప్రతి ఉదయము ఆ ఎండు తీగల నడుమ నడిచెడివాడు. నీళ్లు కూడ పోసెడివాడు. నేను ఆ ఇంట ఉండలేక ఈ చొక్కా తొడిగితిని."

"తాగండి" అన్నారు అన్నయ్యగారు. "గాలి తగిలాక ఎక్కువసేపు నిలవదు. పారబొయ్యకండి."

తాగాం. ఆయన మమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. ఆకలిగా ఉన్నవాడి ముందు విస్తరి వేసుకుని కూర్చున్నట్టుంది. ఎండ కొండ వెనక్కి వాలేసరికి నా గ్లాసులో అడుగున ఉన్నది కూడా చప్పబడి, చివరి గుక్కకి పులుపు తిరిగింది. గుహలో ఇంకా సీసాలున్నాయి. వాటి ఊసు ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

తిరుగుదారిలో బండిలో మా ఆయన అన్నారు, "ఆ గంధప్పెట్టె మీ ఇంట్లో నేనెప్పుడూ చూళ్లేదే."

"అమ్మ పోయాక ఎవరో పట్టుకుపోయారు" అన్నాను.

"అలాగా" అన్నారు. ఎన్నాళ్లకో మేం అనుకున్న అక్కర్లేని మాటలు అవి. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆయన బయటికి చూస్తున్నారు.

వేసవిలో మా ఆయన అన్నయ్యగారిని యానాం వెళ్లిపొమ్మని బతిమాలారు. ఇల్లు అమ్ముకున్న ఊరికి ఏ మొహంతో వెళ్తానన్నారు. కొయినా కూడా ఒకరోజు వేసుకుని మూడురోజులు మానేసేవారు. రుచి వస్తుందేమోనని చూసుకుంటున్నారని నాకు తెలుసు. నేను వెళ్లినప్పుడల్లా చింతపండో ఉప్పో నాలుక మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపేవారు.

శ్రావణంలో జడివాన పట్టుకుంది. ఘాటీ విరిగిపడి కిందికి దారి తెగిపోయింది. ఆసుపత్రిలో కొయినా అప్పటికే నిండుకుంది. ముసలమ్మ కొడుకు తడుసుకుంటూ వచ్చి, బాబుకి మూత్రం నల్లగా పోతోందని చెప్పాడు. చలిజ్వరం ముదిరిన గుర్తు అది; మా ఆయన వెంటనే సంచి తీసుకున్నారు. నేనూ వెళ్లాను. మేం వెళ్లేసరికి ఆయనకి తెలివి ఉంది గానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. నన్ను చూసి ఫ్రెంచిలో ఏదో అన్నారు. పాదిరీగారు ఇంకా రాలేదు గనక అదేమిటో మాకు తెలియలేదు. మర్నాడు పోయారు.

కట్టెలన్నీ నానిపోయి ఉన్నాయి. ఎంత వెతికినా చితికి సరిపడా ఎండు కట్టె దొరకలేదు. ఊరి పెద్ద వచ్చి, తమవాళ్లని పాతిపెట్టే మెరకలో చోటిస్తానన్నాడు. నలుగురు కొండవాళ్లు, మా ఆయన కలిసి మోశారు. మంత్రం చెప్పేవాళ్లు లేరు. పాదిరీగారు మధ్యాహ్నానికి చేరారు. ఆయన మతంవాడు కాదు గనక ప్రార్థన చెయ్యలేదు. టోపీ తీసి వానలో నిలబడ్డారు. తలవైపు ఒక రాయి పాతారు. అక్కడ ఉన్న రాళ్లన్నీ అలాంటివే.

మిగిలిన సీసాలు ఒక్కోటీ తీసి చూశారట మా ఆయన. ఒక్కటీ బాగాలేదని చెప్పారు. ఖాళీ చేసి ముసలమ్మకి ఇచ్చేస్తే, నూనె పోసుకోవడానికి ఊళ్లోవాళ్లు తలో రెండు పట్టుకుపోయారు. పాదిరీగారిని మరుసటేడు సముద్రం వైపు ఏదో ఊరికి మార్చారు. మళ్లీ కనబడలేదు.

మాకు బదిలీ రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. సామాను బండ్ల మీద వేసుకుని దిగుతున్నప్పుడు, తోట దగ్గర ఆగుదామని మా ఆయన అన్నారు. ఇంటి కప్పు కూలిపోయింది. కాఫీ మొక్కల మీద ముళ్లపొద అల్లుకుపోయి, ఏది మొక్కో ఏది పొదో తెలియకుండా ఉంది. అన్నయ్యగారిని పెట్టిన మెరక మీదికి వెళ్లాం. వానలు అప్పుడే వెలిశాయి. గడ్డి నడుం దాకా పెరిగింది. రాళ్లు చాలా ఉన్నాయి, మేం ఉన్న ఏళ్లలో పోయినవాళ్లవీ వాటిలో ఉంటాయి. మా ఆయన గడ్డి చీల్చుకుంటూ ఒక్కో రాయి దగ్గరా వంగి చూశారు. మెరక అంచున చింతచెట్టుకి ఇవతల అని నేను, కాదు అవతల అని ఆయన. ఇద్దరికీ గట్టిగా తెలియదు.

"బాబూ, బేగి రండి! ఘాటీ దిగీసరికి సీకటడిపోద్ది!" అని బండివాడు కింది నుంచి కేకేశాడు.

ఇంకొంచెంసేపు వెతికాం. తర్వాత మా ఆయన పంచెకి అంటుకున్న పల్లేరుకాయలు దులుపుకుని, పద అన్నారు. దిగి వచ్చి బండెక్కాం.